ప్లగ్ వైర్లకి పూసే సిలికాన్ గ్రీజు: కోనసీమ బురదలో రెండు వానాకాలాలు వాడాక రాస్తున్నా

ముందే చెప్పేస్తున్నానండి, బురదలో నీళ్ళలో తిరిగే పెట్రోల్ బండి ఉన్నవాళ్ళకి ఈ డైఎలక్ట్రిక్ గ్రీజు, అంటే కరెంటుని పోనివ్వని గ్రీజు, ట్యూబు చాలా మంచి వస్తువు. కానీ అదొక్కటీ తెచ్చి పాత వైర్ల మీద పూసేసి ఇంక నీళ్ళలోకి దిగిపోవచ్చు అనుకుంటే మాత్రం డబ్బులు దండగే, నేను మొదట చేసింది సరిగ్గా అదే కాబట్టి అంతా వివరంగా రాస్తున్నా, కొంచెం పెద్దదైనా ఓపిగ్గా చదవండి.

నా బండి 1997 మోడల్ జిప్సీ, 1300 సీసీ, కార్బురేటర్ది. మాది అల్లవరం వైపు, రెండు రొయ్యల చెరువులున్నాయి, తార్రోడ్డు దిగాక చెరువు దాకా మిగిలిందంతా పుంతే, అంటే మట్టి బాటే. ఒకపక్క మురుక్కాలవ, ఇంకోపక్క వరసగా చెరువు గట్లు, నల్లమట్టి, వానాకాలంలో రెండ్రోజులు ముసురు పట్టిందంటే చక్రం సగం దాకా దిగబడిపోతుంది, కాలవ పొంగితే పుంత మీదే మోకాలు లోతు నీళ్ళు నిలబడతాయి. ఆ దార్లోనే 25 కేజీల మేత బస్తాలు, జనరేటర్‌కి డీజిలు, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల మోటార్లు అన్నీ పోవాలి. డీజిల్ జీపు కొనుక్కోవచ్చుగా అని చాలామంది అన్నారు, నిజమే, డీజిల్ ఇంజన్‌కి స్పార్క్‌తో పనే లేదు, గాలి పీల్చే గొట్టంలోకి నీళ్ళు పోనంతవరకు నడుస్తూనే ఉంటుంది. కానీ ఈ జిప్సీ తేలికైన బండి, బరువు జీపు దిగబడిపోయే చోట ఇది పైపైన తేలినట్టు వెళ్ళిపోతుంది, అందుకే దీన్ని వదులుకోలేను.

అసలు కథ ముందటేడు ఆషాఢంలో మొదలైంది. రాత్రి రెండు గంటలకి చెరువు దగ్గర కాపలా అబ్బాయి ఫోన్ చేసి "అండీ, కరెంట్ పోయి గంటయ్యింది, జనరేటర్లో డీజిలు అడుక్కొచ్చేసింది, తొందరగా రండి" అన్నాడు. చెరువులు చేసేవాళ్ళకి తెలుసు, ఏరేటర్లు ఆగిపోతే తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్యలు అంచులకి వచ్చేస్తాయి, ఇంకో గంట ఆగితే పంటే ఉండదు. రెండు క్యాన్లు వేసుకుని బయల్దేరా, పుంత మీద నీళ్ళు బంపర్‌కి తగులుతున్నాయి, సగం దూరం బాగానే వెళ్ళింది, తర్వాత మిస్సింగ్ మొదలై రెండు సార్లు గట్టిగా కుదిపి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే తిరుగుతోంది గానీ అందుకోవట్లేదు. బ్యాటరీ దిగిపోతుందని ఆపేసి, ఇరవై లీటర్ల క్యాను ఒకటి నెత్తిన పెట్టుకుని ఆ అబ్బాయికి ఎదురెళ్ళి, ఇద్దరం బురదలో నడుచుకుంటూ తీసుకెళ్ళాం. చెరువు దక్కింది గానీ ఆ రాత్రి నాకింకా కళ్ళకి కట్టినట్టే ఉంది.

పొద్దున్న అమలాపురం నుంచి మా మెకానిక్ బాబాయ్‌ని తీసుకొచ్చా. "బాబాయ్, ఇంజన్లోకి నీళ్ళు పోయాయంటావా" అంటే "ఇంజన్లోకి కాదురా, నీ కరెంటుకి అడ్డదారి దొరికింది" అన్నాడు. కాయిల్ నుంచి వచ్చే కరెంటుని ఒక్కో ప్లగ్‌కి పంచే డిస్ట్రిబ్యూటర్ ఉంటుంది కదా, దాని మూత, అదే క్యాప్, విప్పి బోర్లా పెట్టి ఎండకేసి చూపించాడు. లోపల రెండో టెర్మినల్ నుంచి మూడోదానికి వెంట్రుకంత సన్నగా నల్లటి గీత, పెన్సిల్‌తో గీసినట్టు వంకరటింకరగా ఉంది. గోరుతో గీకితే పోలేదు, పెట్రోల్ గుడ్డతో తుడిచినా పోలేదు. దాన్ని కార్బన్ ట్రాక్ అంటారు, తడి మీదుగా స్పార్క్ ఒకసారి పాకితే ఆ దారంతా మాడి బొగ్గవుతుంది, బొగ్గు కరెంటుని పోనిస్తుంది కాబట్టి తర్వాత క్యాప్ ఎండిపోయినా సరే స్పార్క్ ఆ దారినే పోతుంది. ఆ గీత కనబడ్డ క్యాప్ ఇంక పారెయ్యాల్సిందే, గరుక్కాయితం పెట్టి రుద్దితే నాలుగు రోజులు నడిచి మళ్ళీ అంతే.

ఇక్కడ మన ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల్ని కాయిల్ ఇరవై వేల వోల్టులు దాటించి ప్లగ్‌కి పంపుతుంది, అంత వోల్టేజీ ఎటు తేలిగ్గా ఉంటే అటు దూకేస్తుంది. శుభ్రమైన వాననీరు కరెంటుని పెద్దగా పోనివ్వదు, ఉప్పు కలిసిన నీరు మాత్రం బాగా పోనిస్తుంది. మన చెరువు గట్ల మీద చిమ్మేదంతా ఉప్పుబురదే కదండీ. అది వైర్ల మీద ఎండి తెల్లగా పొర కడుతుంది, ఆ ఉప్పు గాల్లో తేమని లాక్కుంటూనే ఉంటుంది. మార్గశిరంలో వాన చుక్క లేకపోయినా, మంచు పడ్డ పొద్దున్న బండి అందుకోకుండా ఏడిపించేది ఎందుకో నాకు అప్పుడర్థమైంది. అన్నాళ్ళూ కార్బురేటర్ చోక్ అనుకుని దాన్ని రెండుసార్లు విప్పించాను.

సరే, మొదట ఏం వాడానంటే, ఇగ్నిషన్ మీద, అంటే స్పార్క్ పుట్టించే ఈ వైర్లూ క్యాపూ కాయిల్ మీద, కొట్టుకునే ఒక స్ప్రే, వార్నిష్‌లా పొర కట్టేది, కంపెనీ పేరు అక్కర్లేదు. వారం బాగుంది. ఇంజన్ వేడికి ఆ పొర సన్నగా పగుళ్ళిచ్చింది, పగుళ్ళలోకి తడి దూరి బయటికి రాలేక లోపలే ఉండిపోయింది, ముందుకంటే అన్యాయం అయ్యింది. డబ్ల్యూడీ-40 సంగతి వేరు, దాని పేరులోనే నీళ్ళని తోసెయ్యడం అని ఉంది, 1953లో ఆ పనికే తయారుచేశారు, తడిసిన క్యాప్‌లో కొట్టి తుడిస్తే బండి స్టార్ట్ అవుతుంది, నా డ్యాష్‌బోర్డులో ఇప్పటికీ ఒక డబ్బా ఉంటుంది. కానీ అది తడిశాక చేసే వైద్యం, తడవకుండా వేసే గొడుగు కాదు, పైన పల్చటి నూనె పొర మిగిల్చి దుమ్ము పట్టుకుంటుంది కూడా.

తర్వాత వేరే ఊళ్ళో ఒక ఎలక్ట్రీషియన్ చెప్పాడని క్యాప్ చుట్టూ గ్యాస్కెట్ సిలికాన్ పెట్టి మొత్తం సీల్ చేయించా, వెనిగర్ వాసన వస్తుందే, ఆ రకం. రెండు నెలలు ఏ ఇబ్బందీ లేదు, బ్రహ్మాండం అనుకున్నా. మూడో నెలలో ఎండలో కూడా మిస్సింగ్. బ్లేడుతో కోసి విప్పితే లోపల ఇత్తడి టెర్మినల్స్ పచ్చగా చిలుం పట్టిపోయి ఉన్నాయి. ఆ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది, ఇత్తడికీ రాగికీ అది పడదు. పైగా స్పార్క్ దూకినప్పుడల్లా క్యాప్ లోపల ఓజోన్ పుడుతుంది, అది బయటికి పోడానికే చాలా క్యాపులకి చిన్న గాలి దారి పెడతారు, మనం దాన్ని మూసేస్తే ఆ గ్యాసూ తేమా కలిసి లోపల మెటల్‌ని తినేస్తాయి. 1950ల్లో అమెరికా సైన్యం వాడిన ఎం38 జీపులకి పూర్తిగా నీళ్ళు చొరని ఇగ్నిషన్ ఉండేది, వాళ్ళు కూడా డిస్ట్రిబ్యూటర్‌ని ఊరికే మూసెయ్యలేదు, గొట్టాలు వేసి ఎయిర్ క్లీనర్ వైపు గాలి ఆడేలా చేశారు. కాబట్టి నీళ్ళు లోపలికి రాకూడదు, గాలి మాత్రం ఆడాలి, రెండూ కావాలి.

అప్పుడు తెప్పించానండి ఈ డైఎలక్ట్రిక్ గ్రీజు. చూడ్డానికి తెల్లగా, కొంచెం అద్దంలా, వేలితో తీస్తే మీగడలా జారుతుంది, వాసన లేదు. సిలికాన్ ఆయిల్‌ని చిక్కగా చేసిన సరుకు, కరెంటుని పోనివ్వదు, నీళ్ళకి కడుక్కుపోదు, 200 డిగ్రీల వేడి దాకా కరగదని ట్యూబు మీద ఉంది, నాకైతే ఎక్కడా కరిగి కారలేదు. చిన్న ట్యూబుకి నాలుగొందల చిల్లర పడింది. మోలీకోట్ 111 అని డబ్బాల్లో, ట్యూబుల్లో దొరికేది కూడా ఇదే జాతి, అదైనా పర్లేదు. మామూలు చక్రాల గ్రీజు గానీ వాజిలిన్ గానీ మాత్రం వాడకండి, అవి పెట్రోలియం సరుకు, వైరు కొసన ప్లగ్ మీదకి తొడిగే రబ్బరు తొడుగుల్ని, వాటినే బూట్లు అంటారు, ఉబ్బించి మెత్తబెట్టేస్తాయి, వేడికి కారిపోతాయి.

ఇక నేను చేసిన తప్పు. తెచ్చిన రోజే పాత వైర్ల బూట్లలో పూసేసి, ఇంకేముందిలే అని మర్నాడే నీళ్ళలో దిగా, మళ్ళీ మిస్సింగ్. గ్రీజు బాలేదని తిట్టుకుంటుంటే బాబాయ్ "రాత్రికి రా, నీకొకటి చూపిస్తా" అన్నాడు. షెడ్డులో లైట్లన్నీ ఆపేసి, బండి స్టార్ట్ చేసి బానెట్ ఎత్తి, మొక్కలకి నీళ్ళు కొట్టే సీసాలో చిటికెడు ఉప్పు కలిపిన నీళ్ళు పోసి వైర్ల మీద మంచులా కొట్టాడు. చీకట్లో చూడండి ఇంక, మూడో వైరు పొడుగునా నీలం రంగు పురుగులు పాకుతున్నట్టు మెరుపులు, ఒకచోట వైరు నుంచి వాల్వ్ కవర్ మీదకి చిట్ చిట్ మని దూకుతోంది, కాయిల్ మూతి చుట్టూ నీలం వలయం. వైరు మీద పగులు పగలు చూస్తే కనబడనే కనబడదు. గ్రీజు నేను పూసింది బూట్లలో, కరెంటు పోయేది వైరు మధ్యలో, ఇంక అదేం చేస్తుంది పాపం. ఈ పరీక్ష అందరూ చేసుకోవాలి, ఖర్చు లేదు, కాకపోతే ఇంజన్ నడుస్తున్నప్పుడు చెయ్యి అటు పెట్టకండి, వదులు చొక్కా వేసుకుని ఫ్యాన్ దగ్గర వంగకండి.

అప్పుడు సిలికాన్ కోటింగ్ ఉన్న కొత్త ప్లగ్ వైర్ల సెట్టు, కొత్త క్యాప్, దాని లోపల తిరిగే రోటర్, ఎన్‌జీకే ప్లగ్గులు నాలుగు వేశాం. పాత వైర్లు మీటర్ పెట్టి చూస్తే మూడు దగ్గరదగ్గరగా ఉన్నాయి, ఆ మూడోదొక్కటే రీడింగ్ ఎక్కడికో పోయింది. దాంతోపాటు ఇంజన్ నుంచి ఛాసిస్‌కి వచ్చే ఎర్త్ వైరు తుప్పు గీకించి బిగించాం, అది వదిలెయ్యకండి.

గ్రీజు పూసే పద్ధతి ఇది, బాబాయ్ చేసి చూపించినట్టే రాస్తున్నా. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేసి, వైర్లూ క్యాపూ మంచినీళ్ళ గుడ్డతో తుడవాలి, ఉప్పు పోవాలంటే నీళ్ళే కావాలి, పెట్రోల్‌తో తుడిస్తే జిడ్డు పోతుంది గానీ ఉప్పు పోదు. తర్వాత పూర్తిగా ఆరాలి, నేను మధ్యాన్నం ఎండలో రెండు గంటలు పెట్టా. ప్లగ్ తెల్ల పింగాణీ మీద వేలిముద్ర జిడ్డు కూడా ఉండకూడదు, దాని మీంచీ స్పార్క్ పాకుతుంది. అప్పుడు బూటు లోపలి అంచు చుట్టూ వడ్లగింజంత గ్రీజు, పింగాణీ మీద పల్చగా ఒక పూత, క్యాప్ మీద వైర్లు దిగే గూళ్ళ అంచులకి, కాయిల్ మూతికి కొంచెం. బూటు తొడిగి ఒకసారి అటూ ఇటూ తిప్పితే లోపలంతా సర్దుకుంటుంది. రోటర్ కొన మీద గానీ, క్యాప్ లోపల టెర్మినల్స్ మీద గానీ అస్సలు పెట్టకూడదు, అది కరెంటుని ఆపే సరుకు అని గుర్తుపెట్టుకోండి. ఎక్కువ పూస్తే ఎక్కువ కాపాడుతుంది అనేం లేదు, బూటు లోపల గాలి ఇరుక్కుని బయటికి తన్నుకొచ్చేస్తుంది, నాకు ఒకసారి అలా ఊడింది.

క్యాప్ మీదకి మాత్రం గ్రీజు చాలదు, దానికి గొడుగు కావాలి. నేను రొయ్యల ప్లాంటులో వాడే మందం రబ్బరు గ్లౌజు తెచ్చి, వేళ్ళ కొనలు కత్తిరించి, నాలుగు వేళ్ళలోంచి నాలుగు ప్లగ్ వైర్లు, బొటనవేల్లోంచి కాయిల్ వైరు బయటికి తీసి డిస్ట్రిబ్యూటర్ మీద టోపీలా దింపా. వేళ్ళు అయిదు, వైర్లు అయిదు, సరిగ్గా సరిపోయింది. కింద మాత్రం కట్టలేదు, తెరిచే ఉంచా, లోపల పట్టిన చెమ్మ కిందకి జారిపోవాలి. ఇది కొత్త ఉపాయం కాదండి, 1959లో వచ్చిన మినీ కార్లలో డిస్ట్రిబ్యూటర్ గ్రిల్ వెనకాలే ఉండేది, వానొస్తే ఆగిపోయేవి, అక్కడా జనం గ్లౌజులే తొడిగేవాళ్ళు. జిప్సీలో అది ఇంజన్ వెనకాల, క్యాబిన్‌కి అడ్డుగా ఉండే ఫైర్‌వాల్ రేకు వైపు ఉంటుంది కాబట్టి కొంత నయం, అయినా నీళ్ళలో ఫ్యాన్ మునిగితే పంకాలా తిప్పి ఇంజన్ మీదంతా చిమ్మేస్తుంది. అందుకే లోతు నీళ్ళున్నప్పుడు గ్రిల్ ముందు తార్పాలిన్ ముక్క కడతా, ఫోర్ లోలో, అంటే నాలుగు చక్రాలూ మెల్లగా బలంగా తిరిగే గేర్‌లో, ఫస్ట్ వేసి, క్లచ్ తొక్కకుండా, ముందర చిన్న అల తోసుకుంటూ మెల్లగా పోతా, దాటగానే తీసేస్తా, లేకపోతే ఇంజన్ వేడెక్కిపోతుంది. దూరం నుంచి తోలుకొచ్చి వెంటనే దిగకుండా ఒక అయిదు నిముషాలు బండి ఆపి దిగితే మంచిది. వేడి మీదున్న డిస్ట్రిబ్యూటర్‌ని ఒక్కసారి చన్నీళ్ళు తాకితే లోపల గాలి ముడుచుకుని బయట తడిని లాక్కుంటుంది.

ఇంతా చెప్పాను కదాని ఏటి వరదలో దిగొద్దు. నేను రాసేది పుంత మీద నిలబడ్డ నీళ్ళ గురించి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులొస్తే మొదటి హెచ్చరిక వేస్తారు, అక్కణ్ణుంచి లంకల వైపు కాజ్‌వేలు ఒక్కొక్కటీ మునుగుతాయి. 2022 జులైలో పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు ఎదురుబిడియం కాజ్‌వే లాంటివన్నీ మునిగి పడవలే దిక్కయ్యాయి. పారే నీళ్ళు మోకాలు లోతైనా తేలిక బండిని పక్కకి తోసేస్తాయి, అక్కడ ఇగ్నిషన్ ఎంత బాగుంటే ఏం లాభం. ఇంకోటి, నీళ్ళలో బండి ఠక్కున ఆగిపోయి, ఎయిర్ క్లీనర్ తడిసిందని అనుమానం ఉంటే సెల్ఫ్ కొట్టకండి. నీళ్ళు నలగవు, పిస్టన్ మీద నీళ్ళుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కాయిల్ వైరు పీకి, నాలుగు ప్లగ్గులూ విప్పి అప్పుడు తిప్పి నీళ్ళు కక్కించాలి.

ఫలితం ఏంటంటే, ఇదంతా చేశాక పోయినేడాదీ ఈ ఏడాదీ రెండు వానాకాలాలు పూర్తిగా నడిపా, నీళ్ళలో ఒక్కసారి కూడా ఆగలేదు. పోయినేడాది శ్రావణంలో బంపర్ పైకి నీళ్ళొచ్చిన పుంతలో మేత బస్తాలు ఎనిమిది వేసుకుని వెళ్ళొచ్చా, మిస్సింగ్ మాట లేదు. మంచు పడ్డ పొద్దున్న కూడా సగం సెల్ఫ్‌కే అందుకుంటోంది. మొన్న కార్తీకంలో బూట్లు తీసి చూస్తే ప్లగ్ మెటల్ కొత్తదానిలా ఉంది, ఇంతకుముందు అయితే బూటు ప్లగ్‌కి అతుక్కుపోయి లాగితే వైరు తెగేది, ఇప్పుడు సుతారంగా ఊడొస్తోంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

బాలేనివి కూడా రాయాలి. బయట అంటిన గ్రీజు మీద దుమ్ము బాగా పట్టుకుంటుంది, తుడుచుకోవాలి. చేతికి అంటితే సబ్బుకి ఒక పట్టాన పోదు. పెయింట్ వేయించే బండి దగ్గర దీన్ని అసలు తెరవద్దు, సిలికాన్ అంటిన చోట రంగు పట్టకుండా గుంటలు గుంటలుగా విడిపోతుంది, మా తమ్ముడి బైకు ట్యాంకుకి అలాగే అయ్యింది. ఉప్పు నీళ్ళలో తిరిగేవాళ్ళు ఆర్నెల్లకోసారి తుడిచి మళ్ళీ పూయాలి, మంచినీళ్ళ వైపు, లంకల్లో ఒండ్రులో తిరిగేవాళ్ళకి ఏడాదికోసారి చాలు అనుకుంటున్నా. గ్లౌజు మాత్రం వేడికి ఏడాదికే గట్టిపడి చిట్లిపోయింది, ఈమధ్యే మార్చా. కొత్త బళ్ళలో డిస్ట్రిబ్యూటరే ఉండదు, ప్రతి ప్లగ్ మీదా ఒక కాయిల్ కూర్చుంటుంది, వాళ్ళకి కాయిల్ బూటు లోపలి అంచుకి, కనెక్టర్ సీల్‌కి కొంచెం రాసుకుంటే సరిపోతుంది.

అయిదుకి నాలుగున్నర ఇస్తా. కొనేముందు ఆ చీకటి పరీక్ష మాత్రం చేసుకోండి, వైరు మీద నీలం మెరుపు కనబడితే ముందు వైర్లు, తర్వాతే గ్రీజు. నా ట్యూబు ఇంకా సగం ఉంది, పక్క చెరువు బావగారి జిప్సీకి ఈ ఆదివారం పూస్తున్నాం, ఆయన బండి క్యాప్‌లో కూడా ఆ నల్ల గీత ఉందేమో విప్పి చూడాలి.